నా హయాంలో జరిగింది కాదు

నేను రచయితను కాను. బి.కాం. చదివి, 1990లో బ్యాంకులో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసుకుంటూ ఆఫీసరునయినవాణ్ణి. ఇన్నేళ్లుగా నా చేతిమీదుగా వెళ్లినవన్నీ అంకెలే గాని అక్షరాలు కావు. సోలాపూర్ తూర్పు పేటల్లో మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. ఇటువంటివాడు జపాను వీడియో గేముల గురించి రాయడమేమిటని పాఠకులు నవ్వుకుంటే తప్పులేదు. ఆ ఆటల్లో ఒక్కటి కూడా నేను ఆడలేదు, ఇకముందు ఆడేదీ లేదు. కాని అలాంటి ఒక ఆటను నడిపిన మనిషి ఉద్యోగ జీవితం, నేను ఒకప్పుడు ఒక ముసలామెతో అన్న మాటను తీసుకొచ్చి మళ్లీ నా ముందు పెట్టింది. ఈ వ్యాసం నిజానికి ఆ మాట గురించే.

*

2021 డిసెంబరు. మా అబ్బాయి పుణెలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. కరోనా కాలం గనుక ఇంటి దగ్గరే ఉండి పనిచేసేవాడు. రాత్రి భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చునేవాడు. తెరమీద ఆట వచ్చేది కాదు. ఒక అంకె మాత్రం కనిపించేది. నాలుగు వేల చిల్లర. అది కొద్దికొద్దిగా తగ్గుతూ ఉండేది.

"ఏందిరా అది?" అని అడిగాను.

"క్యూ, బాపూ. నా ముంగట ఇంతమంది ఉన్నరు."

ఒకటో తారీఖున పింఛను తీసుకునేవాళ్ల వరస చూసి చూసి ఉన్న కళ్లు నావి. ఆ అంకె నాకు బాగానే అర్థమయింది. గంటన్నర కూర్చుని, వంద లోపలికి వచ్చాక లైను తెగిపోయేది. 2002 అని ఒక తప్పు నంబరు వచ్చేది. మళ్లీ మొదటికి. మావాడు నెలనెలా డబ్బు కట్టి ఆడుతున్నాడని నాకు తెలుసు.

"పైసలు కట్టి కూసుంటివి గదరా, కొట్లాడవేంది?"

"కొట్లాడేదేముంది బాపూ? వాళ్లే ఒప్పుకున్నరు. ముందు ఏడు రోజులు ఫ్రీ ఇచ్చిన్రు. ఇప్పుడు ఇంకో పద్నాలుగు రోజులు కలిపిన్రు. మేం అడగకముందే. కొత్తోళ్లకు ఆట అమ్ముడు కూడా బంద్ చేసిన్రు."

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. గిరాకీ ఎక్కువై సరుకు చాలకపోతే వ్యాపారి ధర పెంచుతాడని మాకు ఎకనామిక్సులో చెప్పారు. లోకంలో నేను చూసిందీ అదే. ఇక్కడ కొనేవాడు డబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, లోపల ఉన్నవాళ్లకే చోటు చాలడం లేదు, తరవాత రండి అన్నారట. ఆ ఏడాది ప్రపంచమంతటా కంప్యూటరు చిప్పుల కొరత వల్ల, డబ్బున్నా కొత్త సర్వర్లు దొరకలేదట. అమ్మకాలు మళ్లీ మొదలయింది 2022 జనవరి చివర్లో.

ఇలా చేసిన పెద్దమనిషి ఎవరని అడిగాను. అలా మొదలయింది నా ఆసక్తి.

*

ఆయన పేరు నవోకి యోషిదా. 1973లో జపాను ఉత్తర దిక్కున, హొక్కైదో దీవిలోని హకోదాతే అనే రేవు పట్నంలో పుట్టాడు. 1993లో హడ్సన్ సాఫ్ట్ అనే ఆటల కంపెనీలో చేరి 'బాంబర్‌మ్యాన్' వరస ఆటల మీద పనిచేశాడు. 2004లో స్క్వేర్ ఎనిక్స్ అనే పెద్ద కంపెనీకి మారాడు. అక్కడ 'డ్రాగన్ క్వెస్ట్' పేరుతో వచ్చిన, అంగళ్లలో నాణేలు వేసి ఆడే యంత్రాల మీద పనిచేశాడు. 2010 దాకా ఆయన బయటి లోకానికి పెద్దగా తెలిసిన మనిషి కాదు. మా భాషలో చెప్పాలంటే చిన్న బ్రాంచీలు చూసుకుంటూ వచ్చిన ఆఫీసరు.

ఆ కంపెనీకి పేరు తెచ్చిన ఆట 'ఫైనల్ ఫాంటసీ'. మొదటి భాగం 1987లో వచ్చింది. తరవాత ఒక్కొక్క భాగం ఒక్కొక్క కొత్త కథతో వస్తూ ఉంది. 2002లో వచ్చిన పదకొండో భాగం నుంచి కొత్త పద్ధతి ఒకటి మొదలయింది. వేలమంది ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకే ఊహాలోకంలో ఒకరికొకరు ఎదురుపడి కలిసి ఆడుకునే పద్ధతి. ఇది ఒకసారి కొని ఊరుకునే సరుకు కాదు. మన పత్రికకి కట్టినట్టు చందా కట్టాలి, కాకపోతే నెలనెలా. ఆ చందాకి వాళ్లకి దొరికేది ఒక ఊరు, ఇరుగుపొరుగు, చేతినిండా పని. కాబట్టి ఇది అమ్మకం కన్నా డిపాజిటుకి దగ్గర. జనం తమ కాలాన్ని తీసుకొచ్చి అక్కడ దాచుకుంటారు.

అటువంటిదే పద్నాలుగో భాగం 2010 సెప్టెంబరు 30న విడుదలయింది. ఘోరంగా దెబ్బతింది. ఆట నెమ్మది, దారి తెన్నూ తెలియదు, చేయడానికి పని చాలదు. ఎదురుచూసి కొన్నవాళ్లు తిట్టిపోశారు. అదే ఏడాది డిసెంబరు 10న కంపెనీ అధ్యక్షుడు యోయిచి వాదా బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. నెల చందా వసూలు చేయకుండా ఆట ఉచితంగా సాగుతుందన్నాడు. ప్లేస్టేషన్ 3 యంత్రానికి రావలసిన ప్రతిని వాయిదా వేశాడు. నిర్మాతగా ఉన్న హిరోమిచి తనాకా పదవి నుంచి తప్పుకున్నాడు. ఈ తనాకా అనుభవం లేనివాడేమీ కాదు. పదకొండో భాగాన్ని నిలబెట్టినవాడు, అందరూ గౌరవించేవాడు. ఆయన కుర్చీలో యోషిదాను కూర్చోబెట్టారు. నిర్మాత, దర్శకుడు రెండు బాధ్యతలూ ఒక్కడికే ఇచ్చారు. ఆట ఎలా ఉండాలో చూసేవాడు దర్శకుడు. డబ్బుకీ కాలానికీ జనానికీ జవాబు చెప్పేవాడు నిర్మాత.

బ్యాంకులో పనిచేసినవాళ్లకి ఈ ఘట్టం చెప్పనక్కరలేదు. చెడిపోయిన బ్రాంచీకి చార్జి తీసుకోవడం అంటే ఇదే. తాళాలు లెక్కపెట్టుకుంటాం, నగదు లెక్కపెట్టుకుంటాం, దస్తావేజులు చూసుకుంటాం, సంతకం పెడతాం. సంతకం పెట్టిన మరుసటి రోజు పొద్దున కౌంటరు దగ్గర నిలబడి అరిచేవాడు, పాత మేనేజరు మీద కాదు, మన మీదే అరుస్తాడు.

*

ఆ ఆట ఎందుకు చెడిందో యోషిదా తరవాత దాచుకోలేదు. 2014 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆటలు తయారుచేసేవాళ్ల సభ ఒకటి జరిగితే, అక్కడ లేచి మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, బొమ్మల అందం మీద మితిమీరిన మోజు. వీధిలో పెట్టిన ఒక పూలకుండీని గీయడానికి, ఆడే మనిషి బొమ్మకి పట్టినంత శ్రమ కంప్యూటరుకి పట్టేదట. రెండు, ఇటువంటి ఆటలు ఇతర దేశాల్లో అప్పటికి ఎంత ముందుకు పోయాయో తయారుచేసేవాళ్లకే సరిగా తెలియకపోవడం. మూడు, ఏ లోపమున్నా తరవాత మాటు వేసుకోవచ్చులే అనే ధీమా.

ఈ మూడో కారణం దగ్గర నేను చాలాసేపు ఆలోచించాను. ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. ఉన్నదానికే మాట్లు వేసుకుంటూ ఏళ్లపాటు లాగించడం ఒకటి. ఉన్నది కూల్చి పునాది నుంచి కట్టడం రెండోది. మొదటి దారిలో ఖర్చు తక్కువ, పరువు దక్కుతుంది. తప్పు జరిగిందని పైకి ఒప్పుకోవలసిన పనిలేదు.

మా వృత్తిలో ఈ మొదటి దారికి ఎవర్‌గ్రీనింగ్ అని పేరు. పాత అప్పు తీర్చలేనివాడికి కొత్త అప్పిచ్చి, ఆ కొత్త డబ్బుతో పాత ఖాతా మూయడం. మార్చి 31 నాటికి పుస్తకం పచ్చగా కనిపిస్తుంది. చెట్టు వేరు మాత్రం కుళ్లుతూనే ఉంటుంది. 1991లో మన తెలుగువాడే అయిన మైదవోలు నరసింహం గారి కమిటీ చెప్పింది ఇదే. రాని వడ్డీని వచ్చినట్టు రాసుకోవద్దు, చెడ్డ అప్పుని చెడ్డ అప్పు అనే పిలవండి అని. 1992లో రిజర్వు బ్యాంకు ఆ నియమాలు తెచ్చింది. 2004 మార్చి నుంచి 90 రోజులు బాకీ పడితే చాలు, ఆ ఖాతా చెడ్డదే. నియమాలు వచ్చాక కూడా మాట్లు ఆగలేదని చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఒకానొక మార్చి నెలలో, పైనుంచి ఫోను వచ్చిందనే సాకుతో, నేనూ అటువంటి సంతకం పెట్టినవాణ్ణే.

యోషిదా రెండో దారి పట్టాడు. అయితే పాతదాన్ని వెంటనే మూసేయలేదు. అందులో అప్పటికీ ఆడుతున్న జనం ఉన్నారు గదా. వాళ్ల కోసం పాత ఆటను బాగుచేస్తూనే, పక్కన కొత్తది కట్టించాడు. 2011 అక్టోబరులో ఈ సంగతి బాహాటంగా ప్రకటించాడు. ఉన్న ఆట మూతపడుతుంది, దాని స్థానంలో కొత్తది వస్తుంది అని. జనానికి నేరుగా ఉత్తరాలు రాయడం, తెరమీద కనిపించి వాళ్ల ప్రశ్నలకి గంటలకొద్దీ జవాబులు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. 2012 జనవరి దాకా, అంటే ఏడాదికి పైగా, చందా లేకుండానే నడిపారు. ఆ తరవాత మూతపడబోయే ఆటకి చందా మొదలుపెట్టారు. ఇది నాకు కొంచెం ఎబ్బెట్టుగానే తోచింది. కాని ఆ కాలంలో మొత్తం 90 రోజులు చందా కట్టినవాళ్లకి, కొత్త ఆటలో ఎప్పటికీ తక్కువ చందా ఏర్పాటు చేశారు. ఆట చివర వచ్చే పేర్ల పట్టికలో వాళ్ల పేర్లు వేశారు. పాత ఆట కొన్నవాళ్లు కొత్తదాన్ని మళ్లీ కొనవలసిన పని లేదన్నారు.

ఆ 90 అంకె చూసి నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మా దగ్గర 90 రోజులంటే నమ్మకం పోయిందనడానికి కొలత. వాళ్ల దగ్గర అదే 90 రోజులు, కష్టకాలంలో మనల్ని విడిచిపోలేదనడానికి కొలత అయింది.

2012 నవంబరు 11న పాత లోకం మూతపడింది. 2013 ఆగస్టు 27న కొత్తది తెరుచుకుంది. రెండేళ్ల ఎనిమిది నెలల పని అది.

*

ఇక నా సంగతి.

2007లో నేను ఒక చిన్న ఊరి బ్రాంచీకి మేనేజరుగా వెళ్లాను. ఊరి పేరు, బ్యాంకు పేరు అనవసరం. వెళ్లిన రెండో వారంలో ఒక ముసలామె వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. మన మనిషే, తెలుగే మాట్లాడింది. అప్పట్లో పిగ్మీ డిపాజిట్లు ఉండేవి. ఏజెంటు రోజూ ఇంటింటికీ తిరిగి అయిదో పదో వసూలు చేసి బ్యాంకులో కట్టేవాడు. ఈమె కార్డులో పదకొండు నెలల వసూలు రాసి ఉంది. మా లెడ్జరులో ఒక్క రోజు జమ లేదు. ఏజెంటు నేను రాకముందే ఊరు విడిచి పోయాడు. మొత్తం మూడు వేల చిల్లర రూపాయలు.

కార్డు అటూ ఇటూ తిప్పి చూసి నేనన్న మాట ఇది. "అది నా హయాంలో జరిగింది కాదమ్మా. అర్జీ రాసియ్యి, పై ఆఫీసుకు పంపిస్త."

ఆమె కోపం చేసుకోలేదు. కాసేపు నా మొహం చూసి, "నేను ఆ పిలగానికి ఇయ్యలే బిడ్డా. బ్యాంకుకిచ్చిన" అంది.

ఆ రోజు ఆ మాట నాకు తెలివితక్కువ మాటగా వినిపించింది. తరవాతెప్పుడో తెలిసింది, ఆమె చెప్పింది నేను బి.కాం. రెండో ఏడు కంపెనీ లాలో చదువుకున్న మొదటి పాఠమేనని. మనుషులు వస్తారు, పోతారు, సంస్థ మాత్రం ఎడతెగకుండా ఉంటుంది. అందుకే సంస్థని నమ్మి డబ్బిస్తారు. ఆ ఎడతెగని తనం వల్ల వచ్చే లాభమంతా మనం తీసుకుంటాం. పాత మేనేజరు తెచ్చిన డిపాజిట్లు నా హయాంలోవి కావని ఏ మేనేజరూ వెనక్కి ఇవ్వడు. నష్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, సంస్థ ఉన్నట్టుండి మాయమై మనిషి మిగులుతాడు. ఆ మనిషేమో బదిలీ అయిపోయి ఉంటాడు.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. తను చేయని తప్పుకి ఒకడు క్షమాపణ చెప్పగలడా? చెబితే అది నిజమైన క్షమాపణేనా? యోషిదా ఆ చెడిన ఆటని చేయలేదు. అతనికి సిగ్గుపడవలసిన కారణం లేదు. అయినా ఏళ్ల తరబడి ఆటగాళ్ల ముందు తల వంచాడు. ఇది నాటకమా?

మన పెద్దలు దీన్ని గురించి ఆలోచించకుండా లేరు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలనేది హిందూ న్యాయంలో పాత ధర్మం. అయితే తండ్రి అధర్మంగా చేసిన అప్పుకి కొడుకు బాధ్యుడు కాడని కూడా అదే న్యాయం చెప్పింది. 2005లో వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తరవాత చేసిన అప్పుల విషయంలో, కేవలం ఈ ధర్మం పేరు చెప్పి కొడుకు మీదికి పోరాదని రాశారు. చట్టం పోయినా అందులోని వివేకం పోలేదు. తండ్రి పాపం కొడుక్కి అంటదు. తండ్రి బాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. పాపం వేరు, బాకీ వేరు. తప్పు మనిషిది, దానివల్ల పడిన బాకీ కుర్చీది. నేను ఆ ముసలామెతో మాట్లాడినప్పుడు ఈ రెంటినీ కలిపేశాను. ఆమె నన్ను దొంగ అనలేదు. తనకి రావలసింది ఉందని మాత్రమే చెప్పింది. నేనేమో అనని మాటకి జవాబు చెప్పుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అప్పు తీసుకున్నవాడి చేత మూడేళ్లు నిండేలోగా మేం ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటాం. ఫలానా తేదీకి నేను ఇంత బాకీ ఉన్నాను, నిజమే, అని. ఆ సంతకం లేకపోతే కాలపరిమితి చట్టం కింద బాకీ చచ్చిపోతుంది. సంతకం పడితే మళ్లీ మూడేళ్లు బతుకుతుంది. ఎండలో స్కూటరు మీద తిరిగి, పొలం గట్లమీదా మగ్గాల షెడ్లలోనూ ఇటువంటి సంతకాలు నేను వందలు సేకరించాను. బ్యాంకు వైపు నుంచి అటువంటి కాగితం ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. పెట్టకూడదనే మాకు నేర్పారు. ఖాతాదారుకి రాసే ప్రతి ఉత్తరంలోనూ 'మా హక్కులకు భంగం లేకుండా' అనే ముక్క ఉండాలి. ఎక్కడా పొరపాటు అనే మాట పడకూడదు.

క్షమాపణ అంటే ఇటువంటి అంగీకార పత్రమే అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. అది ఏడుపు కాదు, పశ్చాత్తాపం కూడా కానక్కరలేదు. నీకు రావలసినది ఉంది, అది నా పుస్తకంలో ఉంది అని ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు లేకపోతే అవతలివాడి బాకీ చచ్చిపోతుంది. దాంతోపాటు అతని నమ్మకమూ పోతుంది.

*

యోషిదా చేసినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది మరొకటి ఉంది. పాత ఆటను చెరిపేయలేదు. ఆ ఊహాలోకం ఆకాశంలో ఒక ఎర్రటి చందమామ ఉండేది. మూసే ముందు నెలల్లో అది రోజురోజుకీ పెద్దదై కిందికి దిగుతూ వచ్చింది. చివరి రోజున పడి, అందులోంచి ఒక మహాసర్పం లాంటిది వెలువడి లోకాన్ని కాల్చివేసింది. కొత్త ఆట ఆ ప్రళయం జరిగిన అయిదేళ్లకి మొదలవుతుంది. అక్కడి ఊళ్ల జనం ఆ ప్రళయాన్ని తలుచుకుంటారు. అప్పుడు మనకోసం పోరాడిన వీరులున్నారు, కాని వాళ్ల మొహాలు గుర్తు రావడం లేదు, వెలుగులో చూసినట్టు ఉంది అనుకుంటారు. ఆ వీరులెవరు? పాత ఆట ఆడిన ఆ చందాదారులే. కంపెనీ పరువు తీసిన వైఫల్యం, ఆ లోకానికి చరిత్ర అయి కూర్చుంది.

బి.కాం. మొదటి ఏడు మా మాస్టారు 'తప్పుల సవరణ' పాఠం చెబుతూ ఒక నియమం పెట్టారు. పుస్తకంలో తప్పు పడితే గీకకూడదు, కాగితం చించకూడదు. ఆ తప్పుని అలాగే ఉంచి, దాని కింద సవరణ పద్దు రాయాలి. ఎందుకు రాశామో ఒక వాక్యం రాయాలి. తరవాత చూసేవాడికి తప్పూ కనిపించాలి, దిద్దుబాటూ కనిపించాలి. చెరిపేసిన పుస్తకాన్ని ఎవడూ నమ్మడు, అందులో ఉన్న నిజాలతో సహా నమ్మడు. యోషిదా కామర్సు చదవకపోవచ్చు. కాని ఆ కూలిన చందమామ నేను చూసిన సవరణ పద్దుల్లోకెల్లా అందమైనది.

*

ఎదురు వాదనలు లేకపోలేదు. మా సహోద్యోగి ఒకరు విని, "ఇదంతా వ్యాపారమే గదా సార్. నమ్మకం తిరిగి వస్తే డబ్బు వస్తుంది" అన్నారు. నిజమే. 2021 నాటికి ఆ ఆటలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 2 కోట్ల 40 లక్షలకి పైమాటే. కంపెనీకి లాభం బాగానే వచ్చింది. కాని 2010 డిసెంబరులో ఆ లాభం ఎవరికీ కనిపించలేదు. మునిగినా మునగవచ్చు. మునిగి ఉంటే ఆ మాట తప్పయ్యేదా? బాకీ ఉన్నదా లేదా అనేది, తీర్చినందువల్ల లాభం వచ్చిందా లేదా అనేదాని మీద ఆధారపడదు. లాభం వచ్చిందని తీర్చిన బాకీ విలువా తగ్గదు.

ఇంకొకటి. కుర్చీలో ఉన్నవాడు తల వంచితే అసలు తప్పు చేసినవాడు తప్పించుకోడా? ఇది గట్టి ప్రశ్నే. ఆ పిగ్మీ ఏజెంటుని పట్టుకోవలసిందే. క్షమాపణ విచారణకి బదులు కాదు. కాని విచారణ పూర్తయ్యేదాకా క్షమాపణ ఆగాలనడం, దొంగ దొరికేదాకా ఆ ముసలామె పస్తు ఉండాలనడమే.

మూడోది. జపాను కంపెనీ పెద్దలు కెమెరాల ముందు వరసగా నిలబడి నడుము వంచడం మనం టీవీలో చాలాసార్లు చూశాం. అదొక తంతు అయిపోలేదా? అయింది. అందుకే నేను ఒక కొలత పెట్టుకున్నాను. ఆ మాటతో పాటు చేతినుంచి ఏమైనా జారిందా? ఏడాదికి పైగా చందా వదులుకోవడం, గుమ్మంలో నిలబడ్డ గిరాకీని వెనక్కి పంపడం, ఇవి చేతినుంచి జారినవి. ఏమీ జారని క్షమాపణ స్టాంపు అంటించని రసీదు లాంటిది.

ఇదిగాక ఒక చిన్న సంగతి నన్ను ఆకట్టుకుంది. 2021 నవంబరులో ఆ ఆటలో కొత్త భాగం రావలసి ఉండగా రెండు వారాలు వాయిదా పడింది. ఈసారి అది ఎవరో వదిలివెళ్లిన తప్పు కాదు, యోషిదా నిర్ణయమే. ఇంకా మెరుగు పెట్టాలన్న తన స్వార్థమే దీనికి కారణమని ఆయన రాశాడు. ఆ సంగతి చెబుతూ కంటతడి పెట్టాడని మావాడు చెప్పాడు. పదకొండేళ్లు ఇతరుల బాకీ మోసినవాడికి, తన బాకీ ఒప్పుకోవడం కష్టం కాలేదు. నా హయాంలో కాదు అనడం అలవాటయినవాడు, తన హయాంలో జరిగినదానికి కూడా ఏదో ఒక హయాం వెతుక్కుంటాడు. నాకది అనుభవమే.

*

2022లో ఒకరోజు ఆ పాత బ్రాంచీకి ఫోను చేశాను. అక్కడి ఆఫీసరు కుర్రవాడు, మంచివాడు. రెండు రోజులు వెతికి చెప్పాడు. 2009లో పై ఆఫీసు అనుమతి వచ్చిందట. ఆమె వేలిముద్ర వేసి డబ్బు తీసుకుందట. అసలు మాత్రమే. వడ్డీ ఇచ్చినట్టు లేదు. అప్పటికి నేను బదిలీ అయి ఏడాది దాటింది. తరవాత ఆ ఖాతాలో ఏ లావాదేవీ లేదు. ఆమె ఉన్నదో లేదో చెప్పగలిగినవాళ్లు ఆ బ్రాంచీలో ఎవరూ లేరు.

డబ్బు ముట్టింది గనుక పుస్తకం ప్రకారం బాకీ లేదు. కాని ఆ రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, నువ్వు చెప్పింది నిజమే, బ్యాంకుకే ఇచ్చినవ్, బ్యాంకు తప్పు చేసింది" అని ఉంటే పై ఆఫీసు నన్ను ఉరితీసేది కాదు. అంతకన్నా పెద్ద ఖర్చూ కాదు. ఆ మాట ఇవ్వలేదు. అది నా హయాంలోనే జరిగింది.

చివరగా ఒకటి. ఈ వ్యాసం మావాడు చదవలేడు. తెలుగు మాట్లాడతాడు గాని అక్షరాలు రావు. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గాలు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మా నాయన తరం వాళ్లు ఇక్కడ తెలుగు బడుల్లో చదివారు. తరవాత మరాఠీ వచ్చింది, ఆ తరవాత ఇంగ్లీషు వచ్చింది. మన భాష పోతోందని సభల్లో మాట్లాడుకున్నప్పుడల్లా మేం కాలాన్ని అన్నాం, ప్రభుత్వాన్ని అన్నాం, మా ముందువాళ్లని అన్నాం. మా ఇంట్లో మాత్రం అది ఏ సంవత్సరంలో జరిగిందో నాకు బాగా తెలుసు. వాడికి అయిదో ఏడు. సాయంకాలం ఒక అరగంట కూర్చోబెట్టి అ ఆలు దిద్దించవలసిన రోజులు. ఆ రోజుల్లో నేను మార్చి లెక్కల్లో ఉన్నాను.

పత్రిక వచ్చాక దీన్ని వాడికి చదివి వినిపించాలి. ఈ చివరి పేరా కూడా వదలకుండా చదవాలి.